ల్యాబ్‌లో 32 లినక్స్ మెషీన్లకు ఆర్ ప్యాకేజీలు ఒకే తీరుగా పెట్టడం ఎలా?

గణాంక_ల్యాబ్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. డిగ్రీ కాలేజీ స్టాటిస్టిక్స్ ల్యాబ్. మొత్తం 32 మెషీన్లు. 20 ఉబుంటు 22.04, మిగతా 12 లినక్స్ మింట్ 21.3. అన్నిట్లో 4 జీబీ ర్యామే. గణాంకాల భాష ఆర్ మాత్రం ఈ లినక్స్‌లతో పాటు వచ్చిన 4.1.2. ఈ సెమిస్టర్‌కి టైడీవర్స్ (డేటా పనికి), ఎల్‌ఎంఈ4 (మిక్స్‌డ్ మోడల్స్‌కి), ఎస్‌ఎఫ్ (మ్యాపులకు), ఆర్‌స్టాన్ (బేయిసియన్ మోడల్స్‌కి) అనే ఆర్ ప్యాకేజీలు కావాలి.

ఆర్‌లోని ఇన్‌స్టాల్ డాట్ ప్యాకేజెస్ కమాండ్‌తో పెడితే ఎదురవుతున్నవి ఇవి. ఎస్‌ఎఫ్ దగ్గర జీడాల్-కాన్ఫిగ్ దొరకలేదని ఆగిపోతుంది. ఆర్‌స్టాన్ చాలాసేపు కంపైల్ అయ్యి చివర్లో సీసీ1ప్లస్ (సీ++ కంపైలర్) "కిల్డ్" అని పడిపోతుంది. కొన్ని మెషీన్లలో ఎల్‌ఎంఈ4 ఎక్కుతుంది గానీ మోడల్ నడపగానే "చోల్‌మాడ్_ఫ్యాక్టర్_ఎల్‌డెట్‌ఏ అనే ఫంక్షన్ మ్యాట్రిక్స్ ప్యాకేజీలో లేదు" అంటుంది. క్రాన్ (ఆర్ ప్యాకేజీల అధికారిక నిల్వ) రిపో కలిపి ఆర్‌ను కొత్తది చేద్దామంటే ఉబుంటులో బాగానే ఉంది, మింట్‌లో ఆప్ట్ (ప్యాకేజీలు దించి పెట్టే లినక్స్ టూల్) అప్‌డేట్ 404 ఇస్తుంది.

కాలేజీ ఇంటర్నెట్ లైను ఒక్కటే. 32 మెషీన్లూ ఒకేసారి దించుకుంటే మిగతా పనులన్నీ ఆగిపోతాయి. సోర్స్ నుంచి కంపైల్ చెయ్యకుండా, అన్నిట్లో ఒకే వెర్షన్లు ఉండేలా దారి చెప్పగలరా?

---

ఆప్ట్_పెద్దన్న

ఉందండీ. మీరు 32 చోట్ల కంపైల్ చెయ్యబోతున్న పనిని వాలంటీర్లు ఇప్పటికే ఒకసారి చేసి డెబ్ ఫైళ్లుగా (నేరుగా ఇన్‌స్టాల్ అయ్యే ఫైళ్లుగా) పెట్టారు. వాటిని సరైన వరుసలో కలుపుకోవడమే మీ పని.

ముందు మింట్ 404 సంగతి. ట్యుటోరియల్స్‌లో రిపో లైను రాయడానికి ఎల్‌ఎస్‌బీ_రిలీజ్ -సీఎస్ వాడతారు. ఉబుంటులో అది "జామీ" అంటుంది, మింట్ 21.3లో "వర్జీనియా" అంటుంది. క్రాన్ సర్వర్‌లో వర్జీనియా పేరుతో ఫోల్డరే లేదు, అందుకే 404. ఈటీసీలోని ఓఎస్-రిలీజ్ ఫైల్ తెరిచి ఉబుంటు_కోడ్‌నేమ్ లైను చూడండి, అక్కడ జామీ అనే ఉంటుంది. రిపో లైనులో ఆ పేరే చేత్తో రాయండి. మింట్ 21 వరుస అంతా జామీ, మింట్ 22 వరుస నోబుల్. డెబియన్ మీద నడిచే మింట్ రకం ఎల్‌ఎండీఈ అయితే మాత్రం ఈ రిపో దాని దగ్గరకి కూడా పోనివ్వకండి, దానికి క్రాన్‌లో డెబియన్ ఫోల్డర్ వేరే ఉంది.

ఇప్పుడు రెండు రిపోలు కలపాలి. మొదటిది క్రాన్ వారి ఉబుంటు రిపో. ఇందులో ఆర్ అసలు ప్రోగ్రామ్ ఉంటుంది. రెండోది ఆర్2యూ. డెబియన్‌లో ఆర్ ప్యాకేజీని చాలా ఏళ్లుగా చూసుకుంటున్న డర్క్ ఎడెల్‌బ్యూటెల్ నడిపేది. క్రాన్‌లోని 20 వేలకు పైగా ప్యాకేజీలు ఉబుంటు ఎల్‌టీఎస్‌ల (దీర్ఘకాల మద్దతున్న వెర్షన్ల) కోసం డెబ్‌లుగా ఇందులో ఉన్నాయి. రెండోది పని చెయ్యాలంటే మొదటిది ఉండాల్సిందే. పాత ట్యుటోరియల్స్‌లో కనిపించే సీ2డీ4యూ పీపీఏను వదిలెయ్యండి, ఇప్పుడు ఆ పని ఆర్2యూ చేస్తోంది.

వరుస ఇది:

1. రెండు రిపోల కీ ఫైళ్లూ దించి ఈటీసీ, ఆప్ట్ కింద ఉన్న ట్రస్టెడ్ డాట్ జీపీజీ డాట్ డీ ఫోల్డర్‌లో పెట్టండి. ఫైల్ పేరు చివర ఏఎస్‌సీ అనే ఉండాలి. బ్రౌజర్‌లో దించితే ఒక్కోసారి టీఎక్స్‌టీ తగిలించుకుని వస్తుంది, అప్పుడు ఆప్ట్ దాన్ని అసలు చదవదు, "నో_పబ్‌కీ" అంటూనే ఉంటుంది. ఆప్ట్-కీ కమాండ్ కాలం చెల్లింది, వాడకండి. కీ వేలిముద్రను ఆయా రిపో పేజీలో ఇచ్చినదానితో పోల్చాకే ముందుకు వెళ్లండి.

2. క్రాన్ లైనులో సూట్ పేరు జామీ-క్రాన్40, దాని చివర ఒక స్లాష్. ఆ స్లాష్ మర్చిపోతే "మాల్‌ఫార్మ్‌డ్ ఎంట్రీ" అని ఆప్ట్ ఆగిపోతుంది. ఆర్2యూ లైనులో మాత్రం సూట్ పేరు జామీ, తరవాత మెయిన్, స్లాష్ ఉండదు. రెండిటినీ తారుమారు చెయ్యడమే అందరూ చేసే తప్పు.

3. ఆప్ట్ ప్రిఫరెన్సెస్ ఫోల్డర్‌లో చిన్న ఫైల్ పెట్టి ఆర్2యూ రిపోకి ప్రాధాన్యం 700 ఇవ్వండి. మామూలు రిపోల ప్రాధాన్యం 500. ఇది లేకపోతే ఒకే ప్యాకేజీ రెండు చోట్లా ఉన్నప్పుడు ఆప్ట్ వెర్షన్ నంబర్ల అక్షరాలు పోల్చి తనకు తోచినది తెస్తుంది.

4. ఆప్ట్ అప్‌డేట్, తరవాత ఆర్-బేస్, ఆర్-బేస్-డెవ్. ఆపై ఆర్-క్రాన్-టైడీవర్స్, ఆర్-క్రాన్-ఎల్‌ఎంఈ4, ఆర్-క్రాన్-ఎస్‌ఎఫ్, ఆర్-క్రాన్-ఆర్‌స్టాన్. పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే. క్రాన్‌లో మ్యాట్రిక్స్‌కి పెద్ద ఎమ్ ఉన్నా డెబ్ పేరులో చిన్నదే. పేరు మధ్య చుక్క ఉంటే, డేటా డాట్ టేబుల్ లాంటివి, చుక్క అలాగే ఉంటుంది.

ఎస్‌ఎఫ్‌కి కావలసిన జీడాల్, జియోస్, ప్రోజ్, యూడీయూనిట్స్ లైబ్రరీలు డెబ్‌తో పాటే వాటంతట అవే వస్తాయి. కంపైల్ చేసేవారికి మాత్రమే వాటి డెవ్ ప్యాకేజీలు కావాలి.

ఏది ఎక్కడి నుంచి వచ్చిందో ఆప్ట్ పాలసీ ఆర్-క్రాన్-ఎస్‌ఎఫ్ అని చూడండి. వెర్షన్ తోకలో సీఏ2204 అని ఉంటే ఆర్2యూదే.

ఆర్‌స్టాన్ గురించి ఒక మాట విడిగా చెప్పాలి. డెబ్ పెట్టినంత మాత్రాన కంపైలర్ పని పోదు. స్టాన్ ప్రతి కొత్త మోడల్‌ను సీ++లోకి మార్చి అక్కడికక్కడే కంపైల్ చేస్తుంది. కాబట్టి ఆర్-బేస్-డెవ్ ప్రతి మెషీన్‌లోనూ ఉండాలి, 4 జీబీ మెషీన్లో బ్రౌజర్ మూసి నడపాలి, కనీసం 2 జీబీ స్వాప్ (ర్యామ్ నిండితే వాడుకునే డిస్కు చోటు) ఉంచాలి. ఆటో_రైట్ ఆప్షన్ ట్రూ పెడితే ఒకసారి కంపైల్ అయిన మోడల్ డిస్కులో దాచి ఉంచుతుంది. మీ సిలబస్‌లో ఉన్నవి మామూలు రిగ్రెషన్, మిక్స్‌డ్ మోడల్సే అయితే ఆర్‌స్టాన్ఆర్మ్ పెట్టండి. అందులో మోడల్స్ ముందే కంపైల్ అయ్యి ఉంటాయి, విద్యార్థి మెషీన్‌లో సీసీ1ప్లస్ లేవాల్సిన అవసరమే ఉండదు. 4 జీబీ ల్యాబ్‌కి నేనైతే అదే చెబుతాను.

---

లిబ్‌పాత్స్

పెద్దన్న గారు చెప్పినవన్నీ చేసినా ఎల్‌ఎంఈ4 తప్పు పోకపోవచ్చు. దాని మూలం వేరు.

డెబియన్, ఉబుంటుల్లో ఆర్ నాలుగు చోట్ల వెతుకుతుంది, ఈ వరుసలోనే: ముందు విద్యార్థి హోమ్‌లో ఆర్ ఫోల్డర్, తరవాత యూఎస్‌ఆర్ లోకల్ కింద సైట్-లైబ్రరీ, తరవాత యూఎస్‌ఆర్ లిబ్ ఆర్ కింద సైట్-లైబ్రరీ, చివరికి యూఎస్‌ఆర్ లిబ్ ఆర్ కింద లైబ్రరీ. ఆప్ట్ తెచ్చేవి మూడో, నాలుగో చోట్లకు వెళతాయి. ఇన్‌స్టాల్ డాట్ ప్యాకేజెస్ పెట్టేవి మొదటి రెండు చోట్లకు వెళతాయి. ఒకే ప్యాకేజీ రెండు చోట్ల ఉంటే ముందున్నదే గెలుస్తుంది. మీరు ఆప్ట్‌తో ఎంత కొత్తది తెచ్చినా, విద్యార్థి హోమ్‌లో ఉన్న పాతదే ఎక్కుతుంది.

మీకు వస్తున్న ఎర్రర్‌కి మూలం సరిగ్గా ఇదే. 2023 చివర్లో మ్యాట్రిక్స్ 1.6 వరుసలో సీ ఫంక్షన్ల పేర్లు మారాయి. ఎల్‌ఎంఈ4 ఆ ఫంక్షన్లను పేరు పెట్టి అడుగుతుంది. అది కంపైల్ అయినప్పుడు ఒక మ్యాట్రిక్స్, నడిచేటప్పుడు మరో చోటి నుంచి ఇంకో మ్యాట్రిక్స్ దొరికితే, అడిగిన పేరు అక్కడ ఉండదు. "కొన్ని మెషీన్లలోనే" రావడానికి కారణం, ఆ మెషీన్లలో ఎవరో హోమ్‌లోకి ఒక ముక్క దించుకోవడం.

చెయ్యాల్సినది: ఆర్‌లో లిబ్‌పాత్స్ అడిగి దారులు చూడండి. తరవాత ఇన్‌స్టాల్డ్ డాట్ ప్యాకేజెస్ పట్టికలో ప్యాకేజ్, లిబ్‌పాత్, వెర్షన్ నిలువులు మాత్రం తీసి, ఒకే పేరు రెండుసార్లు వచ్చినవి వెతకండి. మొదటి రెండు చోట్ల ఉన్న నకళ్లను తీసెయ్యండి. యూఎస్‌ఆర్ లోకల్ కింద ఉన్న సైట్-లైబ్రరీని మరీ జాగ్రత్తగా చూడండి. హోమ్ ఫోల్డర్ పేరులో 4.1 అని వెర్షన్ ఉంటుంది కాబట్టి ఆర్ మారితే కొత్త ఖాళీ ఫోల్డర్ మొదలవుతుంది. యూఎస్‌ఆర్ లోకల్‌లో దానికి వెర్షన్ పేరు లేదు, పాత కంపైల్ అలాగే మిగిలిపోతుంది. "గ్రాఫిక్స్ ఏపీఐ వెర్షన్ మిస్‌మ్యాచ్" అని బొమ్మలు గీసే రాగ్, ఎస్‌వీజీలైట్ ప్యాకేజీలు గొడవ చేసేదీ ఇలా మిగిలినవాటి వల్లే ఎక్కువ.

ల్యాబ్‌కి ఒక నియమం పెట్టుకోండి: ఉమ్మడి చోట్లు ఆప్ట్‌వి, హోమ్ విద్యార్థిది. అడ్మిన్‌గా సుడోతో ఆర్ తెరిచి ఇన్‌స్టాల్ డాట్ ప్యాకేజెస్ కొట్టడం మానెయ్యండి. ఆర్2యూతో పాటు చెప్పే బీఎస్‌పీఎం మీ సొంత లాప్‌టాప్‌లో హాయిగా ఉంటుంది, ఇన్‌స్టాల్ డాట్ ప్యాకేజెస్ అన్నా అది వెనక ఆప్ట్‌నే పిలుస్తుంది. కానీ దానికి అడ్మిన్ హక్కు కావాలి, కాబట్టి విద్యార్థుల ఖాతాల్లో వద్దు.

---

గణాంక_ల్యాబ్

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలండీ. మూడు మెషీన్ల మీద చేశాను. మింట్ 404 పోయింది. ఎల్‌ఎంఈ4 తప్పు హోమ్‌లోని మ్యాట్రిక్స్ వల్లే, తీసెయ్యగానే సరిపోయింది. ఇక మిగిలినవి మూడు. ఒకే లైను మీద 32కి పంచడం. ఒక లెక్చరర్ గారు వాడే చిన్న ప్యాకేజీ గిట్‌హబ్‌లో మాత్రమే ఉంది, క్రాన్‌లో లేదు, దానికి డెబ్ ఎలా? మూడోది, గ్రాఫుల్లో తెలుగు పేర్లు పీడీఎఫ్‌లో చుక్కలుగా వస్తున్నాయి.

---

ఆప్ట్_పెద్దన్న

పంచడానికి ఒక మెషీన్‌లో ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ పెట్టండి. పోర్ట్ 3142. మిగతా 31లో ఆప్ట్ కాన్ఫ్ ఫోల్డర్‌లో ఒక్క లైను: హెచ్‌టీటీపీ ప్రాక్సీగా ఆ మెషీన్ ఐపీ, ఆ పోర్ట్. మొదటి మెషీన్ దించిన డెబ్ క్యాష్‌లో ఉంటుంది, మిగతావి ల్యాబ్ నెట్‌వర్క్ లోపలే తీసుకుంటాయి.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేసేది: రిపో లైను హెచ్‌టీటీపీఎస్ అయితే క్యాష్ లోపలికి చూడలేదు. ఆ రిపోకి ప్రాక్సీ మెషీన్ వదిలిపెడితే నేరుగా వెళుతుంది, లేదంటే ఆగిపోతుంది. ఎలా అయినా దాచుకోవడం జరగదు. దానికి క్లయింట్ల రిపో లైనులో మొదలు హెచ్‌టీటీపీ అని రాసి, కోలన్, రెండు స్లాష్‌ల తరవాత పెద్ద అక్షరాల్లో హెచ్‌టీటీపీఎస్ అని, మూడు స్లాష్‌లు పెట్టి, ఆపై సర్వర్ పేరు రాయాలి. అప్పుడు క్లయింట్ నుంచి క్యాష్ దాకా మామూలుగా, క్యాష్ నుంచి బయటకు భద్రంగా వెళుతుంది. ప్యాకేజీ పట్టికల మీద సంతకాన్ని ప్రతి క్లయింటూ తన దగ్గరున్న కీతో సరిచూసుకుంటుంది కాబట్టి మధ్యలో ఎవరైనా మార్చితే ఆప్ట్ ఒప్పుకోదు.

అన్నిట్లో ఒకే జాబితా ఉండటానికి ఈక్వివ్స్ వాడండి. ఈక్వివ్స్-కంట్రోల్‌తో ఖాళీ నమూనా తీసి, ప్యాకేజీ పేరు "స్టాట్-ల్యాబ్" లాంటిది ఇచ్చి, డిపెండ్స్ లైనులో మీకు కావలసిన ఆర్-క్రాన్ పేర్లన్నీ రాయండి. ఈక్వివ్స్-బిల్డ్ చేస్తే ఒక చిన్న డెబ్ వస్తుంది. అందులో ఫైళ్లేమీ ఉండవు, జాబితా మాత్రమే. దాన్ని పెడితే అన్నీ వస్తాయి. వచ్చే సెమిస్టర్‌కి రెండు పేర్లు కలిపి వెర్షన్ 1.0 నుంచి 1.1 చేసి మళ్లీ పంపండి. సెమిస్టర్ మధ్యలో వెర్షన్లు కదలకూడదంటే ఆర్-బేస్-కోర్‌తో పాటు మీ జాబితాలోని ఆర్-క్రాన్ ప్యాకేజీలన్నిటినీ ఆప్ట్-మార్క్ హోల్డ్‌లో పెట్టండి, పరీక్షలయ్యాక తీసెయ్యండి. ఆర్ కొత్త పెద్ద వెర్షన్ ఏటా వసంతంలో వస్తుంది, ఎక్కువగా ఏప్రిల్‌లో. మీ పరీక్షల కాలం కూడా దాదాపు అదే కదా.

---

డెబ్_కట్టేవాడు

గిట్‌హబ్ ప్యాకేజీ సంగతి నేను చెబుతాను. ఇది ల్యాబ్ అవసరం కోసం మొదలుపెట్టినా, నేర్చుకుంటే డెబియన్‌కే ఇవ్వగలిగే పని.

డీహెచ్-ఆర్ అనే ప్యాకేజీ పెట్టుకోండి. అందులో డీహెచ్-మేక్-ఆర్ అని ఒక స్క్రిప్ట్ ఉంది. ఆర్ ప్యాకేజీ సోర్స్ ఫోల్డర్‌లో నిలబడి నడిపితే డిస్క్రిప్షన్ ఫైల్ చదివి డెబియన్ అనే ఫోల్డర్‌ను దానంతటదే తయారు చేస్తుంది. రూల్స్ ఫైల్ మూడు నాలుగు లైన్లే, అసలు మాట ఒక్కటే: డీహెచ్, బిల్డ్‌సిస్టమ్ ఆర్. కంట్రోల్ ఫైల్‌లో బిల్డ్-డిపెండ్స్‌కి డెబ్‌హెల్పర్-కంపాట్ 13, డీహెచ్-ఆర్, ఆర్-బేస్-డెవ్, ఇంకా ఆ ప్యాకేజీ ఇంపోర్ట్ చేసే ఆర్-క్రాన్‌లు. డిపెండ్స్‌లో ఆర్ డిపెండ్స్ అనే వేరియబుల్ ఉంటే చాలు, మిగతాది బిల్డ్ సమయంలో నింపుకుంటుంది. అది నింపే వాటిలో ఆర్-ఏపీఐ-4.0 అనే కల్పిత ప్యాకేజీ పేరు ఒకటి ఉంటుంది. ఆర్ లోపలి ఏర్పాటు పూర్తిగా మారిన రోజున ఈ పేరు మారుతుంది, అప్పుడు పాత డెబ్‌లన్నీ కొత్త ఆర్‌తో పాటు ఎక్కకుండా ఆప్ట్ ఆపుతుంది. 3.6 నుంచి 4.0కి మారినప్పుడు అదే జరిగింది.

ఆర్కిటెక్చర్ లైనుకి: సోర్స్‌లో ఎస్‌ఆర్‌సీ ఫోల్డర్ ఉండి అందులో సీ, సీ++, ఫోర్‌ట్రాన్ ఉంటే "ఎనీ". ఆర్ కోడ్ మాత్రమే ఉంటే "ఆల్". బిల్డ్‌ను మీ మెషీన్‌లో నేరుగా కాకుండా ఎస్‌బిల్డ్ లోపల ఖాళీ జామీ గదిలో చెయ్యండి, ఆ గదికి కూడా అవే క్రాన్, ఆర్2యూ రిపోలు కలపండి. మీ మెషీన్‌లో ముందే ఉన్న లైబ్రరీ వల్ల బిల్డ్ నెగ్గి, మిగతా 31లో పడిపోవడం అప్పుడు ఉండదు. ల్యాబ్ వరకైతే ఇక్కడితో చాలు.

డెబియన్‌కి పంపాలంటే బిల్డ్ చిన్న భాగం, కాపీరైట్ ఫైలే పెద్దది. ముందు ఐటీపీ ("ఈ ప్యాకేజీ నేను చేస్తాను" అనే ప్రకటన) అనే బగ్ తెరవాలి, ఇద్దరు ఒకే పని చెయ్యకుండా. తరవాత డెబియన్ గిట్ సర్వర్ సాల్సాలో ఆర్ ప్యాకేజీల బృందం రిపోలో పెట్టి, అప్‌లోడ్ హక్కున్న ఒక డెవలపర్‌ను స్పాన్సర్‌గా అడగాలి. కొత్త ప్యాకేజీ "న్యూ" వరుసలో ఆగుతుంది. అక్కడ ఎఫ్‌టీపీ మాస్టర్ల బృందం లైసెన్సులను ఫైలు ఫైలుగా చూస్తుంది. తిరిగి వచ్చేవాటిలో ఎక్కువ ఈ మూడింటి వల్లే:

ఇన్‌స్ట్ ఫోల్డర్ లోపల మినిఫై చేసిన జావాస్క్రిప్ట్. షైనీ, హెచ్‌టీఎంఎల్ విడ్జెట్ల మీద కట్టిన ప్యాకేజీల్లో జేక్వెరీ, బూట్‌స్ట్రాప్ ఇలా ఉంటాయి. మనిషి చదవగలిగే సోర్స్ లేని ఫైల్ డెబియన్‌లో చెల్లదు. ఆ నకలు తీసి లిబ్‌జేఎస్-జేక్వెరీ వైపు లింక్ పెట్టాలి. కాపీరైట్ ఫైల్‌లో ఫైల్స్-ఎక్స్‌క్లూడెడ్ రాసి, సోర్స్‌ను డీఎఫ్‌ఎస్‌జీ (డెబియన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమాలు) తోకతో మళ్లీ కట్టాలి.

రెండోది డేటా ఫోల్డర్‌లోని ఆర్‌డీఏ ఫైళ్లు. అవి బైనరీ కాబట్టి ఆ పట్టిక ఎక్కడిది, ఎలా తయారైంది అని రీడ్‌మీ డాట్ సోర్స్‌లో ఒక్కోదానికీ రాయాలి. పనికిరాని లాంఛనంగా అనిపిస్తుంది గానీ, లెక్కల సాఫ్ట్‌వేర్‌లో డేటా ఎక్కడిదో తెలియకపోవడం కన్నా పెద్ద లోపం ఏముంది?

మూడోది సీ++ నకళ్లు. ఐజెన్, బూస్ట్ లాంటివి లోపల దాచుకుని వస్తాయి. డెబియన్‌లో ఉన్న లిబ్ఐజెన్3-డెవ్, లిబ్‌బూస్ట్-డెవ్‌లనే వాడించాలి.

టెస్టుల దగ్గరా రెండు చిక్కులు. బిల్డ్ మెషీన్లకు ఇంటర్నెట్ ఉండదు, కాబట్టి నెట్ నుంచి ఏదైనా దించే టెస్ట్ పడిపోతుంది, దాన్ని దాటవేసే ప్యాచ్ రాయాలి. రెండోది దశాంశాలు. రచయిత తన 64-బిట్ మెషీన్‌లో సరిగ్గా సమానం అని రాసిన జవాబు 32-బిట్ ఐ386లో చివరి అంకెల్లో తేడా వస్తుంది, అక్కడి ఎక్స్87 లెక్కలు 80 బిట్లలో జరుగుతాయి కాబట్టి. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ల ఎస్390ఎక్స్‌లో బైట్ల వరుసే తిరగబడి ఉంటుంది. తేడా నిజమైన బగ్గా, లేక సహన పరిమితి మరీ బిగుతుగా ఉందా అని చూసి, ప్యాచ్‌ను రచయితకే పంపండి. డెబియన్‌లో మాత్రమే దాచుకుంటే ప్రతి కొత్త వెర్షన్‌కీ మళ్లీ మీరే సరిచెయ్యాలి.

తెలుగువాళ్లు ఈ బృందంలో చేరాలని గట్టిగా కోరుకుంటున్నాను. కొత్త ప్యాకేజీతోనే మొదలుపెట్టక్కర్లేదు. సాల్సాలో ఇప్పటికే ఉన్న ఆర్-క్రాన్ ప్యాకేజీ ఒకటి తీసుకుని, యూస్కాన్‌తో కొత్త వెర్షన్ వచ్చిందేమో చూసి, రొటీన్-అప్‌డేట్ స్క్రిప్ట్ నడిపి, లింటియన్ చెప్పే లోపాలు సరిచేసి పంపండి. మొదటి పనికి ఒక సాయంత్రం పడుతుంది.

---

ఒత్తులు_గుణింతాలు

తెలుగు పేర్ల సంగతి చిన్నదే. ఆర్‌లో మామూలు పీడీఎఫ్ డివైస్ ఒక్క బైట్ ఎన్‌కోడింగులే ఎరుగును, తెలుగు అక్షరం రాగానే "ఎంబీసీఎస్‌టుఎస్‌బీసీఎస్" హెచ్చరిక ఇచ్చి చుక్కలు పెడుతుంది. దాని బదులు కైరో_పీడీఎఫ్ వాడండి. జీజీప్లాట్ అయితే జీజీసేవ్‌లో డివైస్ కైరో_పీడీఎఫ్ అని ఇవ్వాలి. ఆర్ ప్యాకేజీ కైరో, పాంగోలతో కట్టబడి వస్తుంది, ఒత్తులు సరిగ్గా కూర్చేది పాంగోనే.

ఫాంట్లకు ఫాంట్స్-తెలు ప్యాకేజీ పెట్టండి, లోహిత్ తెలుగు వస్తుంది. పోతన, వేమన కావాలంటే ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా. ఈ రెండు పేర్లనూ పెద్దన్న గారు చెప్పిన ఈక్వివ్స్ జాబితాలోనే కలిపెయ్యండి. తరవాత ఎఫ్‌సీ-లిస్ట్‌లో భాష టీఈ అని అడిగితే పేర్లు కనిపించాలి, ఆ పేరే ఫ్యామిలీగా ఇవ్వండి.

షోటెక్స్ట్ ప్యాకేజీ వాడమని కొందరు చెబుతారు. తెలుగుకి వద్దు. అది అక్షరాలను ఒక్కొక్కటిగా గీస్తుంది, "రాష్ట్రం" రాస్తే ఒత్తులు కిందకు రాక పొల్లులతో విడివిడిగా పడతాయి. స్క్రీన్ బొమ్మలకు రాగ్ బాగుంటుంది, అది హార్ఫ్‌బజ్‌తో కూర్చుతుంది. ఆర్-క్రాన్-రాగ్ అని డెబ్ ఉంది, కంపైల్ అక్కర్లేదు.

అన్ని మెషీన్లలో ఒకేసారి చూసుకోవడానికి "స్త్రీలు, పురుషులు, రాష్ట్రం, శ్రీకాకుళం" అని నాలుగు పేర్లతో ఒక బార్ గ్రాఫ్ గీయండి. మూడు అక్షరాల గుంపు ఉన్న "స్త్రీ", "ష్ట్ర" సరిగ్గా వస్తే మిగతావన్నీ వస్తాయి.